రిబ్కాను మిలిటరీకి ఎవరు పంపారు

తెనాలి,
16 ఆగస్టు 1989.

గౌరవనీయులైన నాన్నగారికి,

మీ కుమార్తె రిబ్కా వందనాలతో రాసుకునేది. నేనిక్కడ హాస్టల్లో క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

నిన్న మా కాలేజీలో స్వాతంత్ర్య దినోత్సవం జరిగింది. జెండా కర్ర చివరిదాకా వెళ్ళింది కాని ముడి విడలేదు. ప్రిన్సిపాల్ గారు తాడు లాగుతూనే ఉన్నారు. మేమంతా సెల్యూట్ చేసిన చెయ్యి దించకుండా నిలబడ్డాం. నా పక్కనున్న తులసి, "చెయ్యి పీకేస్తోందే, మనకి స్వాతంత్ర్యం ఎప్పుడొస్తదే" అని గొణిగింది. నవ్వు ఆపుకోలేక నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ముందు వరుసలోని లెక్చరర్ గారు అది చూసి, నాకు దేశభక్తి పొంగిందనుకున్నారు. చివరికి జెండా విచ్చుకుంది. మడతలో పెట్టిన బంతిరేకులు గోడ దాటి, వేమూరు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళ మీద పడ్డాయి.

తరువాత ప్రసంగాలు. అవి వింటూ మిమ్మల్నే తలుచుకున్నాను. మన మిషన్ బడి ముందు మీరు మాట్లాడుతుంటే కాలవ అవతల నాట్లు వేసేవాళ్ళు కూడా నడుం ఎత్తి వినేవాళ్ళు. ఇప్పుడు మీరు ప్రసంగం మానేశారు. జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచి, పిల్లల్ని ఇళ్ళకు పంపేస్తున్నారు. గొంతు బాగాలేదని అమ్మ అంటుంది. పాఠాలు చెప్పేటప్పుడు బాగానే ఉంటుంది కదా.

ఇక అసలు సంగతి. ఇంటర్ సైన్సు చదివిన ఆడపిల్లలను మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సు చదువుకు తీసుకుంటారట. చదువు పూర్తయ్యాక ఆఫీసరుగా నియమిస్తారు. నేను దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను. నాకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి మీ సంతకం కావాలి. దరఖాస్తు ఇందులోనే పెట్టాను. ఫిబ్రవరిలోగా పంపితే చాలు.

ఎందుకంటారా? మంచుకొండల మీద వీరుడు మేలుకొని ఉన్నాడు కనుకనే మన వరిచేల నడుమ రైతు నిద్రపోతున్నాడు. ఆ వీరుని గాయానికి కట్టు కట్టే చెయ్యి నాదైతే, ఆ చేతికి అంతకు మించిన ఆభరణం ఏముంటుంది? ఇంటికొక్కరు దేశానికి అర్పణ కావాలి. ఆ ఒక్కరు మన ఇంట్లో నేనే కావాలి.

ఈ పేరా కోసం చాలా కాగితాలు చింపాను. ఎలా ఉందో తప్పక రాయండి.

మీ విధేయురాలైన కుమార్తె,
రిబ్కా


రేపల్లె,
24 ఆగస్టు 1989.

ప్రియ కుమార్తె రిబ్కాకు నాన్న దీవెనలు.

నీ ఉత్తరం దిద్ది దీనితోపాటు తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా చూసి చిన్నబుచ్చుకోకు. పొద్దుటినుంచీ పలకలు దిద్దిన చెయ్యి ఊరుకోలేదు.

జెండా ముడి సంగతి, తులసి సంగతి బాగా రాశావు. అవి నువ్వు చూసినవి. ఆఖరి పేరా కింద గీత గీశాను. మంచుకొండలు, వీరుడు, ఆభరణం, ఇంటికొక్కరు, అవన్నీ నా మాటలమ్మా. 1985 పంద్రాగస్టు నాటి నా ప్రసంగం. నేను ఊపిరి తీసుకున్న చోట నువ్వు కామా పెట్టావు. నువ్వప్పుడు ముందు వరుసలో నేలమీద కూర్చున్నావు. అంత గుర్తున్నందుకు తండ్రిగా సంతోషించాను కాని, మాస్టారుగా కాపీ కొట్టిన జవాబుకు మార్కులు వేయలేను.

నర్సు చదువు మంచిదే. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో చేరితే పండగలకు ఇంటికి రావచ్చు. లేదంటే టీచరు ట్రైనింగ్ ఉంది. దరఖాస్తు నా సంచిలో ఉంది. తరువాత చూద్దాం.

కాలవకు నీళ్ళు ఈసారి ఆలస్యంగా వదిలారు. నాట్లు ఇంకా సాగుతున్నాయి. కూలికి వెళ్ళే తల్లుల వెంట చంటిపిల్లలు, ఆ చంటిపిల్లల వెంట మన బడి పిల్లలు. తరగతులు సగం ఖాళీ.

మీ అమ్మ రాయమంటోంది. మిలిటరీ వాళ్ళు అన్నం పెడతారా, రొట్టెలేనా అని.

నాన్న,
జ్ఞానానందం


తెనాలి,
10 సెప్టెంబరు 1989.

గౌరవనీయులైన నాన్నగారికి వందనాలు.

మీ ఎర్ర సిరా చూసి ఆ పూట అన్నం తినలేదు. మరునాడు ఆ పేరా మళ్ళీ చదివాను. మీరన్నది నిజం. అందులో నేను లేను. నాకు మాటలంటే కొత్తగా పిచ్చి పట్టింది. మంచి మాట కనిపిస్తే ఎవరిదని అడగకుండా తెచ్చేసుకుంటున్నాను.

కాబట్టి నా కారణం రాస్తాను. ఇందులో మంచుకొండలు లేవు.

కిందటేడు వేసవిలో మన పేట ఆశీర్వాదం అన్న మిలిటరీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. శ్రీలంకలో మందుపాతర పేలి అతని కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారని మీకు తెలుసు. అమ్మా నేనూ చూడటానికి వెళ్ళాం. మీకు బడి పని ఉందన్నారు. నేను కాలు వైపు చూడకూడదనుకుంటూ అటే చూస్తున్నాను. అన్న అది కనిపెట్టి, తన వార్డు నర్సు గురించి చెప్పటం మొదలుపెట్టాడు. ఆమె మలయాళీ. ఆమె వార్డులోకి వస్తే మంచం దిగగలిగిన వాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళట, మీసాలు మెలేసిన సుబేదార్లతో సహా.

"సిస్టర్‌కి లేచి నిలబడతారా అన్నా?" అని అడిగాను.

"సిస్టరేంటే. ఆఫీసరు. నిలబడకపోతే మా తోలు తీస్తారు" అన్నాడు. "నేనూ మంచం పట్టుకుని లేవబోయాను. ఒంటికాలితో. ఆవిడొచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టింది. 'నువ్వు లేచే రోజు నేను చెప్తాను' అంది. చెప్పింది కూడా. ఆ రోజు నా చంకలో చెయ్యేసి నిలబెట్టింది ఆవిడే."

నాన్నగారూ, ఆ మాట నన్ను వదలలేదు. మన కోసం ఎవరైనా లేచి నిలబడటం నేను చూడలేదు. మీరు ఎన్నో ఏళ్ళుగా హెడ్మాస్టరు. ఊళ్ళో పెద్ద రైతు ప్రకాశరావు గారి అరుగు దగ్గరకు బడి పని మీద వెళితే మీరు నిలబడే మాట్లాడతారు. ఆయన మంచివారే, మీరంటే గౌరవమే. కాని కూర్చోమనాలని ఆయనకు తోచదు. కూర్చోవాలని మీకూ తోచదు.

నేను వస్తే లేచి నిలబడే చోటికి నాకు వెళ్ళాలని ఉంది. అక్కడ లేవలేని వాళ్ళ దగ్గరకు ముందుగా వెళ్ళాలని ఉంది. ఈ రెండూ ఒకటే కోరిక అని నాకనిపిస్తుంది. ఎలా ఒకటో చెప్పే మాట ఇంకా దొరకలేదు.

ఒక్కటి అడగనా? ఇంటికొక్కరు అని అందరికీ చెప్పిన మీరు, మన ఇంటి దగ్గరకొచ్చేసరికి గుంటూరు అంటున్నారేం?

మీ కుమార్తె,
రిబ్కా


రేపల్లె,
2 అక్టోబరు 1989.

రిబ్కాకు,

ఈ రోజు గాంధీ జయంతి. బడికి సెలవు. అందుకే తీరిక దొరికింది.

నీ ఉత్తరం దిద్దలేదు. దిద్దవలసింది ఏమీ లేదు.

సంతకం చేయను. కారణం అడగవద్దు. పరీక్షలకు చదువుకో.

నాన్న


తెనాలి,
19 నవంబరు 1989.

నాన్నగారికి వందనాలు.

మొన్న అమ్మ మోకాలు చూపించుకోవడానికి తెనాలి వచ్చినప్పుడు హాస్టలుకు వచ్చింది. మీతో చెప్పి ఉండదు. వరండాలో కూర్చుని, నాకు తెచ్చిన జంతికలు సగం తనే తింటూ మాట్లాడింది. మీరు కారణం అడగవద్దన్నారు. నేను అడగలేదు. అమ్మే చెప్పింది.

"గొంతూ లేదు, జబ్బూ లేదే. ఆశీర్వాదం కాలు మీ నాన్న తన మెడకేసుకున్నాడు. ఎనభై అయిదులో ఈయన ఉపన్యాసం విని ఆ పిల్లోడు మిలిటరీకి వెళ్తానన్నాడు. సెలక్షనుకి గుంటూరు తీసుకెళ్ళింది ఈయనే, రైలెక్కించింది ఈయనే. వాళ్ళమ్మ కాంతమ్మ ఏడుస్తా ఉంటే నాది పూచీ అన్నాడు. ఆ పూచీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లోడు కర్రేసుకుని పలకరిద్దామని మనింటికొస్తే, ఈయన దొడ్డిదారిన పొలాల్లోకి పోయాడు. హెడ్మాస్టరు గారు, దొడ్డిదారిన."

"మరి నేను వెళ్ళే సంగతి నువ్వేమంటావే అమ్మా?" అన్నాను.

"నాకేం తెలుసే. అన్నం సంగతి కనుక్కోమన్నాను. నువ్వు కనుక్కోలేదు" అంది. చాలాసేపు నా జడ విప్పి మళ్ళీ అల్లింది. అప్పటికే బాగా ఉన్న జడ.

నాన్నగారూ, ఇక సంతకం అడగను. ఆ దరఖాస్తు మీ సంచిలోనే ఉండనివ్వండి. కాని ఒక్క కోరిక. ఆశీర్వాదం అన్న ఇప్పుడు బాపట్ల స్టేషన్ రోడ్డులో టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. జనవరిలో మీకు టీచర్ల శిక్షణ తరగతులు బాపట్లలోనే అని అమ్మ చెప్పింది. ఒక్కసారి వెళ్ళి చూడండి. ఇది నా కోసం అడగటం లేదు. మీ ప్రసంగం లేని పంద్రాగస్టు మన ఊరికి వెలితిగా ఉంది.

రిబ్కా


బాపట్ల,
27 జనవరి 1990.

ప్రియ కుమార్తె రిబ్కాకు దీవెనలు.

దారిలో కనబడ్డాడని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నిన్న ఉదయం ఇక్కడ జెండా వందనం కాగానే స్టేషన్ రోడ్డుకు వెళ్ళి, బూత్ ఎక్కడని అడుక్కుంటూ నడిచాను.

వాడు స్టూలెక్కి బూత్ చూరుకు జెండా కడుతున్నాడు. వాడి చేతికర్ర కింద పడి ఉంది. వెనక అడుగుల చప్పుడు విని, ఎవరో చూడకుండానే, "ఎవరండీ, ఆ స్టూలు కాస్త పట్టుకోండి, ఉన్న కాలు కూడా పోయేట్టుంది" అన్నాడు. పట్టుకున్నాను. ముడి బిగించి, నా భుజం మీద చెయ్యేసి దిగి, మొహం చూశాడు.

"మాస్టారా," అన్నాడు. "మీ దొడ్డిదారి బాపట్ల దాకా వచ్చిందే."

రిబ్కా, వాడికి అంతా తెలుసు.

బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మధ్యమధ్య ఫోను చేసుకునేవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. ఒకాయన విజయవాడలోని అల్లుడితో గట్టిగా అరుస్తుంటే, "బాబాయ్, ఫోను ఉందిగా, మీరు మెల్లగా మాట్లాడినా వెళ్తది" అన్నాడు. ఆయన వెళ్ళాక నేను ఉన్నమాట అనేశాను. "నిన్ను పంపింది నేనేరా."

వాడు టీ గ్లాసు దించి నవ్వాడు.

"మీరా? మీరు చెప్పినవాటిలో నేను ఏది విన్నానండి? ఎక్కాలు నేర్చుకోరా అన్నారు, నేర్చుకున్నానా? కాలవలో దూకొద్దన్నారు, మానానా? ఆ ఒక్క మాటే వినేసి రైలెక్కానంటారా?"

"మరెందుకు వెళ్ళావు?"

"ఒకటని చెప్పలేనండి. మా నాన్న కూలికి దిగిన చేలోనే నేనూ దిగటం ఇష్టం లేదు, అది కొంత. ఆ డ్రస్సు కొంత. రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి కదా, రెండో చివర ఎక్కడుందో చూద్దామని కొంత. మీ ఉపన్యాసం కూడా కొంతేలెండి, బాధపడకండి. వెళ్ళాక మాత్రం ఇవేం లేవు. పక్కనున్న వాళ్ళ కోసం ఉన్నాను."

ఆ తరువాత వాడు నవ్వలేదు.

"ఆ రోజు ముందు నడిచింది నేనండి. నా వంతు కాదు. ముందున్నవాడికి జ్వరంగా ఉంటే నేనే వెళ్తానన్నాను. వెనకున్న వాళ్ళందరూ రెండు కాళ్ళతో ఇళ్ళకెళ్ళారు. ఒకడు పంజాబ్ నుంచి ఇవాళ పొద్దున్నే ఫోను చేశాడు, జనవరి ఇరవై ఆరు కదా అని. మాస్టారూ, నాకున్న గొప్పల్లా అదొక్కటే. నన్ను మీరు పంపారనీ, మీ వల్లే కాలు పోయిందనీ మీరు అనుకుంటా ఉంటే, అది మీదైపోతది. నాకు కర్ర మిగులుద్ది. నాది నాకుంచండి."

నేను మాటల మీద బతికినవాణ్ణి. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వాడి కోసం బాధపడుతున్నాననుకున్నాను. వాడికి చెందవలసినదాన్ని నా దగ్గర దాచుకుంటున్నానని అనుకోలేదు.

తరువాత నీ సంగతి చెప్పాను. "రిబ్కానా?" అన్నాడు. "చిన్నప్పుడు నా పలక లాక్కుని పరిగెత్తేది. అది ఆఫీసరై వస్తే లేచి నిలబడాలంటే మనసొప్పదండి. అయినా నిలబడతాను, రూలు కదా."

సంచిలోంచి నీ దరఖాస్తు తీశాను. వాడి పెన్నుతో, వాడి బల్ల మీద సంతకం చేశాను. దీనితోపాటు పంపుతున్నాను.

నేను భయపడటం లేదని అనుకోవద్దు. నిన్ను నేను పంపుతున్నానని కూడా ఈ సంతకానికి అర్థం కాదు. నువ్వు వెళుతున్నావు, అది నాకు తెలుసు, అంతే.

నాన్న


తెనాలి,
21 జూన్ 1990.

గౌరవనీయులైన నాన్నగారికి, అమ్మకు వందనాలు.

నేను ఎంపికయ్యాను. పరీక్షలయ్యాక కూడా హాస్టల్లో ఆగింది ఈ ఉత్తరం కోసమే కదా, అది నిన్న సాయంత్రం కాలేజీ చిరునామాకు వచ్చింది. వచ్చే నెలలో బెంగళూరులో చేరాలి. తులసి ఆ కాగితం తీసుకుని హాస్టలంతా తిరిగి చూపించి వచ్చింది. నేను చూపించమనలేదు, ఆపనూ లేదు.

మద్రాసులో ఇంటర్వ్యూ ఎలా జరిగిందో మీకు వివరంగా రాయలేదు. ఫలితం రాకుండా రాస్తే గొప్పలు చెప్పినట్టుంటుందని ఆగాను. ఇప్పుడు రాస్తాను. వరుసగా కూర్చున్న ముగ్గురిలో మధ్యనున్న మేడమ్‌కు జుట్టు నెరిసింది. భుజాల మీద నక్షత్రాలున్నాయి. "ఎందుకు వస్తున్నావు?" అని అడిగారు. నా ముందు వెళ్ళిన అమ్మాయి దేశమాత గురించి చాలా బాగా చెప్పానని బయటకొచ్చి చెప్పింది. ఆ మాటలు నాకూ వచ్చు. కాని నేను ఆశీర్వాదం అన్న సంగతి చెప్పాను. ఇంగ్లీషు తడబడింది. నర్సు వస్తే వార్డంతా లేచి నిలబడుతుందని విన్నాను మేడమ్, మా ఊళ్ళో మాకెవరూ అలా లేవరు, అందుకని వచ్చాను అన్నాను. అనేసి, ఇక ఇంటికి వెళ్ళడమే అనుకున్నాను.

ఆమె పెన్ను కింద పెట్టారు. "నీ వార్డులో సగం మంది లేవలేరు. రోజంతా నిలబడేది నువ్వు. కాళ్ళు వాచిపోతాయి. అప్పుడేం చేస్తావు?" అన్నారు.

"నిలబడతాను మేడమ్. నిలబడటం మాకు అలవాటే" అన్నాను.

ఆ జవాబు నేను తయారు చేసుకున్నది కాదు. వచ్చేసింది. ఆమె నవ్వలేదు కాని కాగితం మీద ఏదో రాసుకున్నారు. చివర, నువ్వేమైనా అడగాలా అన్నారు. అన్నం పెడతారా అని అడిగాను. అప్పుడు ముగ్గురూ నవ్వారు. అమ్మతో చెప్పండి, రెండు పూటలా పెడతారట.

మే తుపానుకు ఎగిరిపోయిన మన బడి పెంకులు మళ్ళీ వేయించారా? పంద్రాగస్టుకు నేను అక్కడ ఉండను. మీరేం మాట్లాడతారో నాకు రాయండి. ఈసారి కాపీ కొట్టను.

రిబ్కా


రేపల్లె,
16 ఆగస్టు 1990.

ప్రియ కుమార్తె రిబ్కాకు, బెంగళూరుకు, నాన్న దీవెనలు.

చేరిన సంగతి రాసిన కార్డు అందింది. కాళ్ళు వాస్తున్నాయని రాశావు. ఉప్పు వేసిన వేడినీళ్ళలో పెట్టుకోమని అమ్మ చెబుతోంది. నర్సులకు చెప్పవలసిన మాటేనా అని అడిగాను. "నా కూతురికి చెప్తున్నా" అంది.

నిన్న మాట్లాడాను. చిన్న ప్రసంగం. ఇంటికొక్కరు అనలేదు. మన ఊరి నుంచి సైన్యానికి వెళ్ళినవాళ్ళలో ఒకడు రైలు పట్టాల రెండో చివర చూద్దామని వెళ్ళాడనీ, అక్కడ తన వంతు కాని రోజున ముందు నడిచాడనీ చెప్పాను. ఆశీర్వాదం బాపట్ల నుంచి వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. పిల్లలంతా ఒక్కసారిగా వాడి వైపు తిరిగారు. వాడు తల దించుకోలేదు. దించుకుంటాడేమోనని నేను భయపడ్డాను. పక్కనే ఉన్న కాంతమ్మ కొంగు సర్దుకుని ఇంకాస్త నిటారుగా కూర్చుంది. నీ గురించి కూడా చెప్పాను. నువ్వు మద్రాసులో ఇచ్చిన జవాబు ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక నిలబడ్డ మన పేట వాళ్ళలో కొందరికి అది అర్థమైంది. చప్పట్లు అటునుంచి మొదలయ్యాయి.

ప్రసంగం తరువాత నలుగురు పిల్లలు వచ్చి తాము కూడా వెళ్తామన్నారు. మూడో తరగతి వాళ్ళు. ముందు ఎక్కాలు నేర్చుకుని, బాగా ఆలోచించుకుని, పెద్దయ్యాక మీకై మీరు తేల్చుకోండి అన్నాను. ఆశీర్వాదం పకపకా నవ్వాడు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. మొన్న మీ అమ్మా నేనూ తెనాలి బస్సులో వెళుతున్నాం. కొల్లిపరకు వెళ్ళే ఒకామె పక్క సీట్లో కూర్చుని, మాటల్లో నీ సంగతి విని, "ఆడపిల్లని అంత దూరం, అందులోనూ మిలిటరీకి ఎవరు పంపారమ్మా?" అంది. నేను ముందుకు వంగి, "ఎవరూ పంపలేదమ్మా, తనంతట తానే" అని మొదలుపెట్టాను. మీ అమ్మ మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచింది. బస్సంతా వినేటట్టు, "మేమే పంపామండి" అంది.

డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. నేను కాదనలేదు.

నాన్న,
జ్ఞానానందం